ఆ మూలనే చూస్తూ ఆరు గంటలు

మార్కులు ఎక్కించడానికి మర్నాడు మధ్యాహ్నం పన్నెండింటి వరకే గడువు. డిగ్రీ మొదటి సంవత్సరం తెలుగు, మూడు సెక్షన్లు, నూట నలభై రెండు మంది పిల్లలు. పేపర్లు దిద్దడం వారం కిందటే అయిపోయింది. ఇక ఆ మార్కులను ఎక్సెల్ పట్టికలోకి కొట్టి, యూనివర్సిటీ వెబ్‌సైటులోకి ఎక్కిస్తే చాలు. గంట పని. గంట పని అనుకున్నదాన్నల్లా ఆఖరి రోజు దాకా లాగే గుణం నాకు ఉద్యోగంలో చేరక ముందు నుంచే ఉంది.

నేను వాడే కంప్యూటర్ అంతకు ముందు నెలలోనే హార్డ్ డిస్కు పోయి మూలన పడింది. బాగు చేయించాలా, కొత్తది కొనాలా అన్న చర్చ ఇంట్లో ఇంకా తేలలేదు. అందుకని బీరువా పై అరలోంచి మా అబ్బాయి పాత ల్యాప్‌టాప్ దించాను. 2018 ఆగస్టులో వాడు ఇంజనీరింగులో చేరినప్పుడు విశాఖపట్నంలో కొన్నాం. తర్వాత పుణెలో ఉద్యోగానికి కూడా అదే పట్టుకెళ్లాడు. కంపెనీ వాళ్లు కొత్తది ఇవ్వడంతో, సంక్రాంతికి విజయనగరం వచ్చినప్పుడు దీన్ని ఇంట్లో వదిలేసి వెళ్లాడు. ఆ తర్వాత ఇంకో సంక్రాంతి కూడా వెళ్లిపోయింది. బ్యాగు జిప్పు తీస్తే ఒక అరలో పుణె బస్సు టికెట్లు, ఇంకో అరలో మెత్తబడిపోయిన బిస్కెట్ల పొట్లం.

ఛార్జరు పెట్టి బటన్ నొక్కాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో రెండు మూడు వరుసలు ఇంగ్లీషులో వచ్చాయి. ముందుకు వెళ్లాలంటే ఎంటర్ నొక్కమంది. నొక్కాను. ఆ వరుసల సంగతి తర్వాత చెబుతాను.

ఐదింటికి కూర్చుని ఆరింటికల్లా మార్కులన్నీ కొట్టేశాను. దానికి నెట్ అక్కర్లేదు కదా. ఫైలు భద్రం చేసి, టీ పెట్టుకొచ్చి, తీరిగ్గా వైఫై మీద నొక్కాను. మా ఇంటి వైఫై పేరు కనిపించింది. పాస్‌వర్డ్ కొట్టాను. కనెక్ట్ అయ్యింది. కింద చిన్న అక్షరాలతో రెండు ముక్కలు ఉన్నాయి: ఇంటర్నెట్ లేదు, భద్రంగా ఉంది. తెలుగు పాఠాలు చెప్పే మనిషిని కాబట్టి ఆ రెంటి మధ్య కార్యకారణ సంబంధం ఉందేమోనని కాసేపు ఆలోచించాను. ఇంటర్నెట్ లేదు, కనుక భద్రంగా ఉంది. వాక్యం చూస్తే అన్వయం సరిగ్గానే కుదిరింది.

తెరకు కుడివైపు కింది మూలన, వైఫై గుర్తు ఉండాల్సిన చోట భూగోళం బొమ్మ ఉంది. ఆ సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా నా చూపంతా ఆ మూలనే. ఏది నొక్కినా, ఏది మార్చినా, వెంటనే తలెత్తి భూగోళం పోయిందా లేదా అని చూసేదాన్ని. బ్రౌజరు తెరిస్తే నెట్ లేనప్పుడు వచ్చే డైనోసార్ బొమ్మ. స్పేస్ బార్ నొక్కితే అది పరుగెత్తి ముళ్లచెట్లు దూకుతుంది. మా అబ్బాయి చదువుకునే రోజుల్లో నెట్ పోతే పోట్లాడకుండా దీనితోనే ఆడుకునేవాడు. నాకు మూడో చెట్టు దగ్గరే పడిపోయింది.

నా ఫోను అదే వైఫైతో బాగానే పనిచేస్తోంది. హాల్లో మా వారి టీవీ కూడా అదే వైఫై మీద నడుస్తోంది. అంటే లైనులో తప్పు లేదు, తప్పు ల్యాప్‌టాప్‌లోనే ఉంది. ఇంత వరకు నా తర్కం సరైనదే. కానీ ఏదో ఒకటి ఆపి మళ్లీ వెయ్యకపోతే మనసు ఊరుకోదు కాబట్టి ముందు ల్యాప్‌టాప్‌ను, తర్వాత రూటర్‌ను ఆపి వేశాను. రూటర్ తిరిగి లేవడానికి మూడు నిమిషాలు పట్టింది. ఆ మూడు నిమిషాలూ మా వారు హాల్లోంచి "ఇంకో పది నిమిషాలు ఆగితే అయిపోయేది కదా" అంటూనే ఉన్నారు. క్రికెట్టు. పదో వికెట్టు ఆయన చూడలేకపోయారు. భూగోళం మాత్రం కదల్లేదు.

విండోస్‌లో సమస్యను వెతికి పెట్టే సదుపాయం ఒకటి ఉంది. దాన్ని నడిపించాను. కాసేపు పచ్చగీత అటూ ఇటూ తిరిగి, డిఫాల్ట్ గేట్‌వే అందుబాటులో లేదని తేల్చింది. విజయనగరంలో ఉండేవాళ్లకు ద్వారం అనగానే కోట ద్వారమే గుర్తొస్తుంది. ఏ ద్వారం, ఎక్కడి ద్వారం, ఎవరు మూశారు అన్నది చెప్పలేదు. నిజానికి ఆ సాయంత్రం ఆ యంత్రం నాతో చెప్పిన మొదటి నిజం అదే. నేను పట్టించుకోలేదు.

తర్వాత ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి ల్యాప్‌టాప్‌ను దానికి తగిలించాను. మళ్లీ అదే మాట, ఇంటర్నెట్ లేదు. ఇంటి వైఫైతోనూ రాలేదు, ఫోను వైఫైతోనూ రాలేదు అంటే ల్యాప్‌టాప్‌లో వైఫై అందుకునే కార్డు పోయి ఉండాలి అనుకున్నాను. దాన్ని నిర్ధారించుకోవడానికి ఫోనును ఛార్జింగ్ వైరుతో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోను నెట్‌ను ఆ వైరు మీదుగా ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్ పెట్టి, ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేశాను. ఈ ఉపాయం మా కాలేజీలో ఎన్నికల డ్యూటీ శిక్షణ అప్పుడు నేర్చుకున్నది. భూగోళం పోయింది! దాని చోట కంప్యూటర్ బొమ్మ వచ్చింది. నెట్ ఉంది అంటోంది. ఆనందంగా వెబ్‌సైటు తెరిచాను. తెరుచుకోలేదు. తెర మీద ఏదో పెద్ద హెచ్చరిక. కట్టేసి మళ్లీ తెరిచాను. మళ్లీ అదే. ఇంకో సైటు, ఇంకో సైటు. మూడు సైట్లూ అంతే.

అక్కడ నేను ఒక తీర్పు ఇచ్చేశాను. వైఫైతో రాలేదు, వైరుతోనూ రాలేదు, కాబట్టి కార్డు కాదు, మొత్తం యంత్రానికే ఏదో తెగులు పట్టింది. రెండు దారుల్లో రెండు వేర్వేరు తప్పులు కూర్చుని ఉంటాయని నాకు తట్టలేదు. వైఫైతో వచ్చిన పేజీ వేరు, వైరుతో వచ్చిన పేజీ వేరు. నాకు రెండూ "తెరుచుకోవడం లేదు" అన్న ఒకే ముక్కగా కనిపించాయి. ప్రశ్నను రెండుసార్లు చదివి జవాబు రాయండి అని ఇరవై ఆరేళ్లుగా పిల్లలకు చెబుతున్న మనిషిని నేను.

ఎనిమిది గంటలప్పుడు మా కేబుల్ అబ్బాయి పక్క వీధికి వచ్చాడని తెలిసి పిలిచాను. చెప్పులు గుమ్మంలోనే వదిలి నేరుగా రూటర్ దగ్గరికి వెళ్లాడు. ఫైబర్ పెట్టె మీద లైట్లు చూశాడు.

"పాన్ లైటు నిలకడగా వెలుగుతోంది మేడమ్. లాస్ లైటు ఎర్రగా వెలిగితే మా వైపు తప్పు. ఇది ఆరిపోయి ఉంది."

"అంటే?"

"అంటే మా లైను బాగుంది. మీ ల్యాప్‌టాప్‌నే చూపించుకోవాలి."

లాస్ అన్న పేరుతో ఒక దీపం ఉండటం, అది వెలక్కపోవడమే మంచిది కావడం నాకు నచ్చింది. ఫైబర్ తీగలోంచి రావాల్సిన కాంతి అందకపోతే అది వెలుగుతుందట. మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

బజారులో రిపేరు షాపు తొమ్మిదింటి వరకు ఉంటుంది. ల్యాప్‌టాప్ పట్టుకెళ్లాను. బ్యాటరీ బొత్తిగా నిలవడం లేదు, ఛార్జరు తీస్తే ఆరిపోతుంది, అందుకని ఛార్జరు కూడా. షాపు కుర్రాడు దాన్ని ప్లగ్గుకు పెట్టి, నల్లటి తెర మీద వచ్చిన ఆ వరుసలను నాలాగే ఎంటర్ కొట్టి దాటేసి, రెండు నిమిషాలు అటూ ఇటూ నొక్కి "ఫార్మాట్ చెయ్యాలి మేడమ్" అన్నాడు. రేపు సాయంత్రానికి ఇస్తాడు. ఏడు వందలు. అందులో మా అబ్బాయి నాలుగేళ్ల ఫొటోలు ఉన్నాయి, సాయంత్రం కొట్టిన నా మార్కుల పట్టిక ఉంది, రేపు మధ్యాహ్నమే గడువు ఉంది. వద్దని తెచ్చేసుకుని, ఇంట్లో మళ్లీ వైఫైకే తగిలించాను. ఆ కుర్రాణ్ని తప్పు పట్టను. ఫార్మాట్ చేసి ఉంటే రెండు తప్పుల్లో ఒకటి నిజంగానే పోయేది. రెండోది మిగిలేది. అప్పుడు ఏడు వందలూ ఫొటోలూ పోయి, సైట్లు మాత్రం అలాగే తెరుచుకోకుండా ఉండేవి.

పది దాటాక మా అబ్బాయి ఫోను. వాడు డ్యూటీ నుంచి రూముకు చేరి అన్నం తినే వేళ.

"అమ్మా, తిన్నారా?"

"తినడం తర్వాత. నీ ల్యాప్‌టాప్ నెట్ అందుకోవడం లేదు. ఫార్మాట్ చెయ్యాలంటున్నాడు."

"ఎవరు? చెయ్యొద్దు. ముందు అది ఏ నంబరు మీద ఉందో చూద్దాం. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కు. సీఎండీ అని కొట్టు."

నల్లటి పెట్టె తెరుచుకుంది. వాడు ఒక్కో అక్షరం చెబుతుంటే ఐపీకాన్ఫిగ్ అని కొట్టి ఎంటర్ నొక్కాను. పేజీ నిండా అంకెలు. ఐపీవీ4 అన్న వరుస చదవమన్నాడు. కళ్లద్దాలు సర్దుకుని చదివాను: 192.168.0.50. గేట్‌వే అన్న వరుస: 192.168.0.1.

అటువైపు నిశ్శబ్దం. తర్వాత నవ్వు.

"అమ్మా, ఆ యాభై నాదే."

సంగతి ఇది. పుణెలో రూములో నలుగురు ఉండేవారు. సినిమాలన్నీ ఈ ల్యాప్‌టాప్‌లో ఉండేవి. మిగతా ముగ్గురూ తమ ఫోన్లలోంచి, టీవీలోంచి ఆ సినిమాలు చూడాలంటే దీని నంబరు రోజూ మారకుండా ఉండాలి. మామూలుగా రూటర్ ఎవరికి ఏ నంబరు ఇవ్వాలో తానే పంచుతుంది. ఈ రోజు ఏడు, రేపు పదకొండు. అలా మారకుండా మావాడు పాత కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి యాభై అని చేత్తో రాసేశాడు. అక్కడ రాసింది ఒక్క పుణె వైఫైకే కాదు, ఆ ల్యాప్‌టాప్ తర్వాత తగులుకునే ప్రతి వైఫైకీ వర్తిస్తుంది. రాసినవాడు మరిచిపోయాడు. ల్యాప్‌టాప్ మరిచిపోలేదు.

192.168తో మొదలయ్యే నంబర్లు ప్రపంచంలో ఇంటింటా ఉంటాయి. ప్రతి ఊళ్లోనూ ఒక గాంధీ బొమ్మ కూడలి ఉన్నట్టే. ఇంటి లోపల వాడుకోవడానికి వాటిని విడిగా కేటాయించి పెట్టారు, బయటి లోకానికి వాటితో పనిలేదు. పుణె ఇంట్లో రూటర్ 192.168.0.1. మా ఇంట్లో రూటర్ 192.168.1.1. మూడో అంకె ఒక్కటే తేడా. ఆ తేడాతో వీధే మారిపోయింది. మా ల్యాప్‌టాప్ ఒకటో వీధిలో నిలబడి సున్నా వీధి గేటు ఎక్కడని వెతుకుతోంది. పాస్‌వర్డ్ సరైనదే కాబట్టి వైఫై లోపలికి రానిచ్చింది. లోపలికి వచ్చాక మాట్లాడటానికి మనిషి లేడు. గేట్‌వే అందుబాటులో లేదన్న మాటకు అర్థం అదీ. ఫోను హాట్‌స్పాట్‌లో వీధి నంబరు ఇంకొకటి, అందుకే అక్కడా అదే గతి. వైరుతో కలిపినప్పుడు మాత్రం విండోస్ దాన్ని వేరే పరికరంగా చూసింది, దానికి యాభై అంటదు, అందుకే భూగోళం పోయింది.

వాడు చెప్పినట్టు ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ అని కొట్టి, తెరుచుకున్న కనెక్షన్ల జాబితాలో వైఫై మీద కుడి బటన్ నొక్కి, ప్రాపర్టీస్‌లోకి, అందులో ఐపీవీ4 వరుసలోకి వెళ్లాను. ఒక చిన్న కిటికీ. చుక్కలతో విడదీసిన గళ్లలో యాభై, పక్కన సున్నా ఒకటి. పైన రెండు గుండ్రటి బొట్లు ఉన్నాయి: తానే తీసుకోమనేది ఒకటి, నేను రాసింది వాడమనేది ఇంకొకటి. మొదటిదాని మీద నొక్కాను. గళ్లలో అంకెలు పోయాయి. సరే అని మూసేశాను.

భూగోళం కదల్లేదు.

"ఏమీ మారలేదురా. ఆ పాత అంకెలే మళ్లీ రాసేయనా?"

"వద్దు వద్దు. మార్చింది మార్చినట్టే ఉంచు. మళ్లీ ఐపీకాన్ఫిగ్ కొట్టు."

ఈసారి 192.168.1.7. పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి, మా రూటర్ నంబరు కొట్టమన్నాడు. రిప్లై అని నాలుగు వరుసలు వచ్చాయి. నాలుగుసార్లు పిలిస్తే నాలుగుసార్లూ పలికింది. సాయంత్రం నుంచి ఆ ల్యాప్‌టాప్‌లో మొదటిసారి ఒకరు పలికారు. తర్వాత 8.8.8.8. అది గూగుల్ వాళ్లది, 2009లో మొదలుపెట్టారట, గుర్తుపెట్టుకోవడానికి తేలిక కాబట్టి అందరూ దాన్నే పిలుస్తారట. అదీ నాలుగుసార్లు పలికింది. అంటే ఇల్లు దాటి, ఊరు దాటి బయటికి దారి పడింది. మరి భూగోళం?

"ఇప్పుడు నంబరు బదులు గూగుల్ పేరు కొట్టు" అన్నాడు. కొట్టాను. ఆ పేరు గలవాళ్లు ఎవరూ దొరకలేదంది.

నంబరు చెబితే పలుకుతోంది, పేరు చెబితే తెలియదంటోంది. పేరు ఇస్తే నంబరు వెతికి చెప్పేది డీఎన్‌ఎస్. ఇందాక తెరిచిన ఆ చిన్న కిటికీని మళ్లీ తెరిచాను. ఈసారి కిందికి చూశాను. పైన రెండు బొట్లు ఉన్నట్టే కింద ఇంకో రెండు బొట్లు ఉన్నాయి, వాటి కింద ఇంకో గడి, అందులో 192.168.0.1 అలాగే ఉంది. పై సగం మారిస్తే కింది సగం తానంతట తాను మారదు. నేను పై సగం మార్చి కిటికీ మూసేశాను. పేర్లన్నీ పుణె ఇంటి రూటర్‌ను అడుగుతోంది మా ల్యాప్‌టాప్, ఇక్కడ ఆ నంబరులో ఎవరూ లేరు. కింది బొట్టు కూడా మార్చాను.

భూగోళం పోయింది. మామిడి టెంకను చీల్చినట్టున్న వైఫై గుర్తు వచ్చింది. "వచ్చిందా?" అని మా వారు లోపలి గదిలోంచి అడిగారు. "వచ్చింది" అన్నాను.

బ్రౌజరు తెరిచాను. యూనివర్సిటీ సైటు కొట్టాను. తెరుచుకోలేదు.

ఇక్కడ నేను ఏడ్వలేదు కానీ, మా అబ్బాయి మీద కొంచెం అరిచాను. వాడు శాంతంగా "వీడియో కాల్‌లోకి రా అమ్మా, తెర చూపించు" అన్నాడు. ఫోను తిప్పి పట్టుకున్నాను. చెయ్యి వణుకుతోంది. పేజీ మధ్యలో పెట్టమన్నాడు. పెట్టాను. వాడు చదవడానికి పట్టిన సమయం మూడు సెకన్లు.

"అమ్మా, తెరకు కుడివైపు కింద తేదీ ఎంతుంది?"

వైఫై గుర్తుకు పక్కనే, వేలెడు దూరం కూడా లేదు. సాయంత్రం ఆరు నుంచి నేను కన్ను ఆర్పకుండా చూస్తున్న మూల అదే. 01:52 ఏఎం. దాని కింద 01-01-2018.

పేజీ మీద కూడా అదే రాసి ఉంది. మీ గడియారం వెనకబడి ఉంది అని పెద్ద అక్షరాలతో. మీ కంప్యూటర్ తేదీ 2018 జనవరి 1, సోమవారం అని చూపిస్తోంది, అది తప్పు, అందుకే సైటుతో భద్రమైన సంబంధం కలపలేకపోతున్నాను అని కింద పూర్తి వాక్యం. సాయంత్రం వైరు పెట్టినప్పుడు వచ్చిన పెద్ద హెచ్చరిక కూడా ఇదే. మూడుసార్లు తెరిచి మూడుసార్లు చదవకుండా కట్టేశాను. దాని పక్కన తేదీని సరిచేసుకునే బటన్ కూడా ఇచ్చారు.

తేదీ తప్పయితే సైటుకేమిటి అని నేనూ అడిగాను. తాళం గుర్తుతో తెరుచుకునే ప్రతి సైటు దగ్గరా ఒక ధ్రువపత్రం ఉంటుంది, దాని మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని ఉంటుంది. బ్రౌజరు ముందు దాన్ని మన గడియారంతో పోల్చి చూస్తుంది. 2020 సెప్టెంబరు 1 తర్వాత ఇచ్చిన పత్రాలకు 398 రోజులకు మించి గడువుంటే బ్రౌజర్లు ఒప్పుకోవు. అంటే ఇప్పుడు వాడుకలో ఉన్న పత్రాలన్నీ ఈ మధ్య పుట్టినవే. 2018 జనవరిలో నిలబడి చూస్తున్న మా ల్యాప్‌టాప్‌కు అవి ఇంకా పుట్టని పిల్లలు. పుట్టనివాళ్ల సంతకం ఎలా నమ్ముతుంది? నమ్మలేదు. తప్పేమీ లేదు.

మరి మూలన ఉన్న గుర్తు నెట్ ఉందని ఎలా చెప్పిందంటే, దానికి దాని సొంత పరీక్ష ఒకటుంది. విండోస్ తాళం లేని మామూలు పద్ధతిలో ఒక బుల్లి ఫైలును తెప్పించుకుంటుంది. అందులో మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్ అన్న మూడు మాటలు తప్ప ఏమీ ఉండవు. ఆ మూడు మాటలు చేరితే నెట్ ఉన్నట్టు లెక్క. దానికి ధ్రువపత్రం అక్కర్లేదు, తేదీతో పని లేదు. నేను రాత్రంతా దేవుడి పటంలా చూసిన గుర్తు చెప్పేది అంతే: మూడు మాటలు వచ్చాయి, లేదా రాలేదు.

ఇప్పుడు ఆ నల్లటి తెర మీది వరుసల సంగతి. అవి చెప్పింది కూడా ఇదే, గడియారానికి కరెంటు అందక తేదీ, సమయం పోయాయని. ల్యాప్‌టాప్ ఆపేసినా గడియారం నడవడానికి లోపల రూపాయి బిళ్లంత సెల్లు ఒకటి ఉంటుంది. ఏడాదికి పైగా బీరువాలో పడి ఉండటంతో పెద్ద బ్యాటరీ అడుగంటింది, ఆ తర్వాత భారమంతా చిన్న సెల్లు మీద పడి అదీ అయిపోయింది. కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ తిరిగి 2018 జనవరి 1కి వెళ్లిపోతోంది. షాపుకు తీసుకెళ్లినప్పుడు ఒకసారి, తెచ్చినప్పుడు ఇంకోసారి. ఒకే రాత్రి మూడు నూతన సంవత్సరాలు జరుపుకున్నాం.

నెట్ తగలగానే తేదీ దానంతట అదే సరికాదా అన్నాను. నాలుగు నిమిషాలు తేడా ఉంటే సర్దుకుంటుంది కానీ ఇన్నేళ్ల తేడా వస్తే అది నమ్మదు, చేత్తోనే పెట్టు అన్నాడు. సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ అన్నదాన్ని ఆపి, తేదీ, సమయం చేత్తో పెట్టాను. పక్కనే సమయ మండలం అని ఉంటుంది, అది మన దేశానిదే ఉందో లేదో కూడా చూడమన్నాడు. ఉంది. బ్రౌజరు మళ్లీ తెరిస్తే యూనివర్సిటీ ముద్ర, దాని కింద ఎప్పుడూ కదిలే ఆ ఎర్ర అక్షరాల ప్రకటన. ఆ ప్రకటన చూసి అంత సంతోషించిన మనిషి ఈ రాష్ట్రంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. రాత్రి పన్నెండు అయ్యింది.

"ఇక పడుకోమ్మా. ల్యాప్‌టాప్ ఆపకు, ఛార్జరు తియ్యకు" అని వాడు ఫోను పెట్టేశాడు. తర్వాతి వారం అదే షాపు కుర్రాడి చేత ఆ సెల్లు మార్పించాను. సీఆర్2032, మూడు వోల్టులు. వాచీల్లోనూ కారు తాళాల్లోనూ వేసే లాంటిదే కానీ ఇది నల్లటి తొడుగులో ఉంది, ఎరుపు నలుపు వైర్లు రెండు, చివర చిన్న పిన్ను. పనితో కలిపి రెండు వందలు తీసుకున్నాడు. "ఫార్మాట్ చెయ్యక్కర్లేదా మేడమ్?" అని అడిగాడు. అక్కర్లేదన్నాను.

ఆ రాత్రికి ఇంకా కొంత మిగిలింది. మార్కులు ఎక్కించే పేజీలో ఫైలు ఎంచుకొమ్మంది. కిటికీ తెరుచుకుంది. కొత్త ఫైళ్లు పైన ఉండేలా తేదీ ప్రకారం పేర్చుకోవడం నాకు అలవాటు. పైన నా ఫైలు లేదు. రెండో వరుసలో లేదు. మూడో వరుసలో లేదు. మా అబ్బాయి ప్రాజెక్టు నివేదికలు, బయోడేటాలు, ఎవరి పెళ్లో ఫొటోలు, తర్వాత హాస్టల్ ఫీజు రసీదులు. సాయంత్రం కొట్టింది భద్రం చెయ్యలేదేమోనని గుండె జారింది. నూట నలభై రెండు మందివీ మళ్లీ కొట్టాలా అని లెక్క వేసుకుంటూ కిందికి కిందికి దించాను.

అట్టడుగున ఉంది. 2018 జనవరి 1, రాత్రి 12:58. ఆ ఫోల్డరులో అన్నింటికన్నా పాత ఫైలు నాదే. ల్యాప్‌టాప్ కొన్న ఆగస్టుకు ఏడు నెలల ముందే అందులో మార్కులు వేసి పెట్టాను, అప్పటికి ఆ పిల్లలు ఐదో తరగతో ఆరో తరగతో చదువుతూ ఉంటారు. దాని మీద నొక్కి ఎక్కించాను. మార్కులు అందాయి అన్న పచ్చ అక్షరాల వరుస వచ్చింది. ఈసారి రెండుసార్లు చదివాను.